పచ్చిక మైదానాలున్న పెద్దలకు, వ్యాసర్పాడి నుంచి

చెన్నైలో పచ్చిక మైదానాలున్న క్లబ్బుల కమిటీ సభ్యులకు, ఈ ఊళ్ళో రగ్బీ నడిపే పెద్దలకు నమస్కారం.

నేను ఉత్తర చెన్నైలో, వ్యాసర్పాడి దగ్గర ఒక కార్పొరేషన్ బడిలో పీటీ టీచర్ని. మా పిల్లల్లో చాలామందికి ఇంటి భాష తెలుగు. వాళ్ళ తాతముత్తాతలు నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఈ ఊరి వీధులు ఊడ్చడానికి వచ్చినవాళ్ళు. చాలా ఇళ్ళలో ఇప్పటికీ అదే పని. కాకపోతే అప్పటి పర్మనెంటు ఉద్యోగం ఇప్పుడు కాంట్రాక్టు అయింది. ఈ సంగతి మొదటే ఎందుకు చెబుతున్నానంటే, మీలో ఒకరు నాతో అన్న మాటకు దీనితో సంబంధం ఉంది.

ఆ పెద్దమనిషి పేరూ, క్లబ్బు పేరూ రాయను. వారానికి రెండు పొద్దులు మైదానం ఇమ్మని అడగడానికి వెళ్ళాను. గేటు దగ్గర ముప్పావు గంట నిలబెట్టినా, లోపలికి వెళ్ళాక మర్యాదగానే మాట్లాడారు, కాఫీ కూడా ఇచ్చారు. చివర్లో అన్నారు: "రగ్బీ మీ పిల్లలకు సెట్ కాదు మేడమ్. దాని కల్చర్ వేరు. మీవాళ్ళకు కబడ్డీ నేర్పించండి, పైకొస్తారు."

బస్సులో ఆ మాటే బుర్రలో తిరుగుతూ ఉంది. కోపం రాలేదని అనను. కానీ బేసిన్ బ్రిడ్జి దాటేసరికి నవ్వొచ్చింది. ఆయన తెలియకుండానే నిజం చెప్పారు మరి. మా పిల్లలకు రగ్బీ అంత తొందరగా పట్టుబడిందంటే కారణం కబడ్డీయే.

టాకిల్, అంటే బంతితో వచ్చేవాణ్ణి పట్టి పడేయడం, ఎలా నేర్పుతారో మీకు నేను చెప్పక్కర్లేదు. నడుము వంచు, తల పక్కకు పెట్టు, భుజం ఎదుటివాడి తొడకు ఆనించు, రెండు చేతులూ చుట్టి కాళ్ళ బలంతో తొయ్యి. చెడుగుడు ఆడి పెరిగిన పిల్లకు ఇందులో కొత్త సంగతి తల ఒక్కటే. కూతకొచ్చినవాడి మడమ అందుకోవడం, తొడ పట్టడం, పక్కనున్నవాళ్ళు చేయీ చేయీ పట్టుకుని గొలుసుగా మీద పడటం వాళ్ళకు చిన్నప్పుడే వచ్చేశాయి. ఎదురుగా పరిగెత్తుకొచ్చే మనిషిని చూసి కళ్ళు మూసుకోకుండా ఉండటం కూడా వచ్చు. కొత్తగా ఆడేవాళ్ళకు అసలు కష్టం అక్కడే అని మీ కోచ్‌లనే అడగండి. తల ఎటు పెట్టాలన్నది నేర్పడానికి మాత్రం నాకు రెండు నెలలు పట్టింది. తప్పు వైపు పెడితే ఎదుటివాడి మోకాలో తుంటో తగులుతుంది. అది రాకుండా ఎవరినీ మ్యాచ్‌లోకి దింపలేదు.

వాళ్ళకు వింతగా తోచింది పాస్. చేత్తో బంతి ముందుకు విసరకూడదు, వెనక్కే ఇవ్వాలి అంటే, "వెనక్కి ఇస్తూ పోతే ముందుకెళ్ళేది ఎప్పుడు మిస్?" అని అడిగారు. గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే దాన్ని ట్రై అంటారని చెప్పినప్పుడు ఇంకా గోల. ఒకరోజు పిల్లలు పరిగెత్తుకుంటూ వెళ్ళి హెచ్.ఎం. గారితో "సార్, ఇవాళ నాలుగు ట్రైలు చేశాం" అన్నారు. ఆయన పాపం, "ట్రై చేస్తూ ఉండండిరా, ఎప్పుడో ఒకప్పుడు గోల్ పడుతుంది" అని భుజం తట్టారు. ఆ పేరు వచ్చిందీ దాదాపు అలాగే. పాత రోజుల్లో గీత దాటినందుకు విడిగా పాయింట్లు ఉండేవి కావు, గోల్‌కు కొట్టడానికి ఒక ప్రయత్నం మాత్రం దక్కేది. ఇప్పుడు ట్రైకి ఐదు పాయింట్లు.

ఎనిమిదో తరగతిలో ఒక లావు పిల్లాడున్నాడు. క్రికెట్‌లో వాడు ఎప్పుడూ అంపైర్. ఫుట్‌బాల్‌లో గోలీ, అదీ ఎవరూ దొరకనప్పుడు. ఖోఖోకి పిలిచేవారే లేరు. పదిహేను మంది ఆడే రగ్బీలో వాడి ఒళ్ళు కావాలి. స్క్రమ్ అంటే రెండు జట్లవాళ్ళూ తలలు దించి, భుజాలు ఆనించి బంతి కోసం తోసుకోవడం. దాని ముందు వరసలో చివరన నిలబడే ప్రాప్‌కు ఆ బరువే ఆస్తి. స్క్రమ్ వెనక బంతి అందుకోవడానికి పొట్టిగా, చురుగ్గా ఉండే పిల్ల కావాలి. అంచున పరిగెత్తడానికి సన్నటివాళ్ళు, గీత బయటికి పోయిన బంతిని లోపలికి విసిరే లైనౌట్‌లో పైకెగిరి అందుకోవడానికి పొడుగువాళ్ళు కావాలి. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు ఆటలు నేర్పుతున్నాను, ఇన్ని రకాల ఒళ్ళకు చోటిచ్చే ఆట ఇంకోటి చూడలేదు. ఈ ఆట కొందరిదే అంటే నాకు వింతగా ఉండదా మరి?

ఇక మీరన్న కల్చర్. అదేమిటో తెలుసుకుందామని కొంత చదివాను. ఈ ఆట ఇంగ్లండ్‌లో రగ్బీ అనే ఊళ్ళోని ఖరీదైన బడిలో పుట్టిందన్నది నిజమే. 1823లో ఒక కుర్రాడు ఫుట్‌బాల్ ఆడుతూ ఆడుతూ బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తాడన్న కథకు గట్టి ఆధారం లేదంటారు కానీ, ఆ బడి మాత్రం పెద్దింటి పిల్లలదే. 1871లో లండన్‌లో రగ్బీ యూనియన్ పెట్టినవాళ్ళూ ఆ తరహావాళ్ళే. అక్కడితో ఆపితే మీరు చెప్పిందే కరెక్ట్, ఇది దొరల ఆట. ఆ తర్వాత జరిగింది చూడండి. ఆట ఇంగ్లండ్ ఉత్తరానికి, యార్క్‌షైర్, లాంకషైర్ జిల్లాలకు వెళ్ళింది. అక్కడ ఆడింది బొగ్గు గనులవాళ్ళు, బట్టల మిల్లులవాళ్ళు. వాళ్ళకు శనివారం కూడా పనే. మ్యాచ్ కోసం పని మానేస్తే ఆ పూట కూలి పోతుంది. పోయిన కూలి మాత్రం కట్టివ్వండి అని వాళ్ళ క్లబ్బులు అడిగాయి. జీతం అడగలేదు, పోయిన కూలి అడిగారు. లండన్ పెద్దలు కుదరదన్నారు. ఆట ఆనందం కోసం ఆడాలి, డబ్బు ముట్టుకుంటే మైల అన్నట్టు మాట్లాడారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు కూర్చుని వేరుకాపురం పెట్టుకున్నాయి. ఇవాళ పదమూడు మంది ఆడే రగ్బీ లీగ్ అక్కణ్ణుంచి వచ్చిందే. పదిహేను మంది ఆడే యూనియన్ ఆటగాళ్ళకు బహిరంగంగా డబ్బు ఇవ్వడానికి సరిగ్గా నూరేళ్ళు పట్టింది, 1995 దాకా.

ఈ కథ నాకు దూరపు చుట్టం కథలా అనిపించలేదు. మా ఏడో తరగతి అమ్మాయికి ఆటలో కాలర్ ఎముక విరిగింది. స్టాన్లీ ఆస్పత్రికి తీసుకెళ్ళాం, కట్టు కట్టారు, ఆరు వారాలు చెయ్యి కదపొద్దన్నారు. డబ్బేమీ కాలేదు. వాళ్ళమ్మ తిడుతుందని నేను తల దించుకుని నిలబడ్డాను. ఆమె తిట్టలేదు. "ఎముకదేముంది టీచరమ్మా, అదే అతుక్కుంటది. రెండు దినాల కూలి పాయె, అదెవరిస్తారు?" అంది. హడర్స్‌ఫీల్డ్‌లో 1895లో అడిగిన ప్రశ్న అదే. ఆ రెండు రోజుల కూలి నా జీతంలోంచి ఇచ్చాను. ఇలా ఎన్నిసార్లు ఇవ్వగలను?

ఇంగ్లండ్ సంగతి వదిలేద్దాం. పక్కనే వేల్స్‌లో రగ్బీ గని కార్మికుల ఆట, ఉక్కు ఫ్యాక్టరీల ఆట. ఫిజీ మొత్తం జనాభా పదిలక్షల లోపే. వాళ్ళ దేశానికి ఒలింపిక్స్‌లో వచ్చిన మొట్టమొదటి పతకమే 2016లో రియోలో రగ్బీ సెవెన్స్, అంటే ఏడుగురు ఆడే రగ్బీ, స్వర్ణం. ఫైనల్లో బ్రిటన్‌ను 43-7తో కొట్టారు. ఫిజీ అనగానే మా పిల్లలకు ఇంకో సంగతి కూడా చెప్పాను. 1903 నుంచి మద్రాసు రేవు నుంచే ఓడలెక్కి మన కూలీలు ఫిజీ చెరకు తోటలకు వెళ్ళారు, వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. "అయితే ఆ టీమ్‌లో మనోళ్ళున్నారా మిస్?" అని ఒకడు ఆశగా అడిగాడు. అక్కడ రగ్బీ ఎక్కువగా మూలవాసుల ఆట, మనవాళ్ళు ఫుట్‌బాల్ వైపు పోయారు అని నిజమే చెప్పాను. కాస్త నిరాశపడ్డాడు. దక్షిణాఫ్రికాకు 2019లో ప్రపంచ కప్ తెచ్చిన కెప్టెన్ సియా కోలిసి, ఆ జట్టుకు మొదటి నల్లజాతి టెస్ట్ కెప్టెన్, జ్విడే అనే పేదల బస్తీలో పుట్టినవాడు. ఆ బస్తీ ఫోటోలు చూపిస్తే మావాళ్ళు "మన పక్క కొడుంగయ్యూర్‌లా ఉంది" అన్నారు. 2023లో కూడా కప్పు వాళ్ళే గెలిచారు.

మన దేశంలో ఈ ఆట చరిత్ర ఇంకా తమాషా. 1870ల్లో కలకత్తాలో తెల్లవాళ్ళు క్లబ్బు పెట్టి నాలుగైదేళ్ళు ఆడారు. సైనికులు ఊరు మారారు, ఎండ పడలేదు, క్లబ్బులో ఉచిత మందు ఆపేశాక సభ్యులు పల్చబడ్డారని కూడా అంటారు. చివరికి బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు తీసి, కరిగించి కప్పు పోయించి 1878లో లండన్‌కు పంపారు. పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు. ఇవాళ్టికీ ఇంగ్లండ్, స్కాట్లండ్ ఆ కలకత్తా కప్పు కోసమే ఆడతాయి. మన వెండి బాగానే తిరుగుతోంది.

ఇప్పుడు ఇండియా ఆడపిల్లల జట్టు ఎక్కణ్ణుంచి వస్తోంది? ఒడిశా ఆదివాసీ పిల్లల హాస్టళ్ళ నుంచి, బీహార్ పల్లెల నుంచి. 2019లో మనీలాలో సింగపూర్ మీద 21-19తో గెలిచారు. పదిహేను మంది ఆడే రగ్బీలో మన ఆడవాళ్ళకు అదే మొదటి అంతర్జాతీయ విజయం. చివర్లో పెనాల్టీ కొట్టి గెలిపించిన సుమిత్రా నాయక్ భువనేశ్వర్‌లో కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదువుకున్న అమ్మాయి. ఆ జట్టులోని స్వీటీ కుమారిది పట్నా జిల్లా. పరుగుపందేల నుంచి ఇటు వచ్చింది. ఆ పిల్లలకు కల్చర్ సెట్ అయిందా లేదా అని ఎవరూ అడగలేదు. ఒక గ్రౌండూ, ఒక కోచ్చూ, తిండీ పెట్టారు.

అందుకే నాకు అర్థమైనంతలో, గొడవంతా నేల దగ్గర ఉంది. క్రికెట్ సందులో ఆడొచ్చు. ఫుట్‌బాల్ గట్టి నేల మీదా ఆడొచ్చు, మా వ్యాసర్పాడి పిల్లలు ఎన్నేళ్ళుగానో ఆడుతూనే ఉన్నారు! రగ్బీలో మనిషి పడాలి, పడేయాలి. మా బడి ఆవరణలో సగం సిమెంటు రాళ్ళు, సగం కంకర తేలిన నేల. అక్కడ టాకిల్ చేయిస్తే మోకాలి చర్మం ఉండదు. అందుకే బడిలో రెండు చేతులతో తాకితే చాలన్న టచ్ రగ్బీ ఆడిస్తాను. ఆదివారం మెరీనా ఇసుకకు తీసుకెళ్తాను. ఇసుకలో పడితే దెబ్బ తగలదు కానీ కాలు నిలవదు. స్క్రమ్ తోయడం నేర్పుదామంటే కాళ్ళు జారిపోతాయి.

మెరీనాకు వెళ్ళడంలో ఒక తిరకాసు ఉంది. 2021 నుంచి మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. మగపిల్లల బస్ పాస్ ఇంటికీ బడికీ మధ్య చెల్లుతుంది, ఆదివారం బీచికి చెల్లదు. రెండు బస్సులు మారాలి. దాంతో మా జట్టులో ఆడపిల్లలు ఎక్కువయ్యారు. దీని వెనక నా గొప్ప ఆలోచన ఏమీ లేదు, అంతా ఆడవాళ్ళకు టికెట్ లేని ఆ పింక్ బస్సు పుణ్యం. ఈ ఊళ్ళో ఎవరు రగ్బీ ఆడాలో కొంతవరకు బస్ టికెట్టే నిర్ణయిస్తోందంటే మీరు నవ్వకండి.

ఖర్చు ఎక్కువ అన్నది మీరు చెప్పే ఇంకో కారణం. మేం ఆడే బంతి వెయ్యి రూపాయల పైచిలుకు. పళ్ళకు పెట్టుకునే మౌత్‌గార్డ్, వేడి నీళ్ళలో ముంచి కొరికి సరిచేసుకునే రకం, రెండు మూడు వందలకు దొరుకుతుంది. బూట్లు పాతవి అడిగి తెచ్చుకున్నాం. ఒక పిల్లాడికి సరైన క్రికెట్ బ్యాటూ ప్యాడ్లూ కొనే డబ్బుతో మా జట్టు సగం తయారవుతుంది. కోచ్‌ల పాఠాలు, తలకు దెబ్బ తగిలితే ఏం చెయ్యాలో చెప్పే పాఠం ఈ ఆటను నడిపే ప్రపంచ సంఘం వరల్డ్ రగ్బీ వాళ్ళు ఆన్‌లైన్‌లో ఉచితంగానే పెట్టారు. ఇంగ్లీషుతో కాస్త కుస్తీ పట్టాల్సి వచ్చింది గానీ, పూర్తి చేశాను.

మీ భయంలో న్యాయమున్నది ఒక్క చోటే, దెబ్బల దగ్గర. తలకు తగిలిన దెబ్బ పైకి కనపడదు. ఆట ఆపి బయటికి పంపే ధైర్యం పెద్దవాళ్ళకు ఉండాలి. పచ్చిక మీద నేర్చుకున్న పిల్లకంటే కంకర మీద నేర్చుకున్న పిల్లకు ప్రమాదం ఎక్కువ. అందుకే అడుగుతున్నాను.

2025 జూన్‌లో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదటిసారి జరిగినప్పుడు మా బడిలో గొప్ప చిక్కొచ్చింది. చెన్నై బుల్స్‌ను సపోర్ట్ చెయ్యాలా, హైదరాబాద్ హీరోస్‌నా? ఇంట్లో తెలుగు మాట్లాడతాం కాబట్టి హైదరాబాద్ అని కొందరు, "నువ్వు హైదరాబాద్ ఎప్పుడైనా చూశావా?" అని కొందరు. లీగ్ పేరు ముందున్న జీఎంఆర్ కంపెనీ మన తెలుగువాళ్ళదే కదా, అన్ని టీములూ మనవే అని ఒక తెలివైన పిల్ల తీర్పిచ్చింది. చివరికి చెన్నై ఫైనల్లో ఢిల్లీని 41-0తో చిత్తు చేసి కప్పు కొట్టింది. నా ఫోన్ చుట్టూ పదిహేను తలలు. మర్నాడు ఒకడు అడిగాడు: "మిస్, ఈ మ్యాచ్ మన నెహ్రూ స్టేడియంలోనా? మనం వెళ్ళలేదేం?" అన్ని మ్యాచ్‌లూ ముంబైలో, అంధేరిలో జరిగాయిరా అన్నాను. "అయితే చెన్నై అని ఎందుకు పెట్టారు?" దానికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి, వాడికి చెబుతాను.

ఇంకో సంగతి చెప్పకపోతే కడుపుబ్బుతుంది. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం మా పిల్లల్ని ఒక మైదానానికి పిలిచారు. తెల్ల టీషర్టులిచ్చారు, బంతులిచ్చారు, కేకూ జ్యూసూ ఇచ్చారు. గంటసేపు పచ్చిక మీద పొర్లాడి పిల్లలు ఎంత సంతోషపడ్డారో! ఫోటోలు బాగా వచ్చాయి. 'అందరి ఆట' అని బ్యానర్ కూడా కట్టారు. వచ్చే వారం ఎన్నింటికి రావాలి సార్ అని మా పిల్లలు అడిగితే, ఆ నిర్వాహకుడు నా వైపు చూసి నవ్వారు. టీషర్టులు మాత్రం మా దగ్గరే ఉన్నాయి. చాలామందికి పొట్టివైపోయాయి.

గేటు దగ్గర ఒక అబ్బాయిని చెప్పులేసుకొచ్చాడని ఆపిన రోజు కూడా ఉంది. అది ఇంకో చోట. ఇదే ఊళ్ళో 2014లో పంచె కట్టుకొచ్చారని హైకోర్టు న్యాయమూర్తినే ఒక క్లబ్బు లోపలికి రానివ్వకపోతే, పంచెకట్టును అడ్డుకోకూడదని అసెంబ్లీ చట్టం చేసింది. రబ్బరు చెప్పుల కోసం ఎవరూ చట్టం చెయ్యరు. ఆ మాటకొస్తే మైదానంలోకి వచ్చాక చెప్పులు ఎలాగూ విప్పేస్తారు కదా!

నేను అడిగేది పెద్దదేం కాదు. శని, ఆదివారాలు పొద్దున్న ఆరు నుంచి ఏడున్నర దాకా మైదానంలో ఒక మూల. మీ సభ్యులు టెన్నిస్‌కు వచ్చేలోపు వెళ్ళిపోతాం. ఇక్కడి ఐప్పశి, కార్తీక నెలల్లో, అంటే అక్టోబరు నడుమ నుంచి డిసెంబరు నడుమ దాకా, వానలు పడేటప్పుడు నేల మెత్తబడి పచ్చిక లేచిపోతుందని మీ మాలి చెప్పాడు. ఆయన మాట న్యాయమే, ఆ వారాలు మేం రాం. లేచిన గడ్డి మళ్ళీ నాటడానికి మా పిల్లలు చేతులేస్తారు. ఫస్ట్ ఎయిడ్ తెలిసినవాళ్ళు ఒకరు ఉంటే చాలు. పిల్లలకు ఏడాదికి ప్రమాద బీమా మీరు కడితే ఇంకా మంచిది, కట్టకపోయినా వస్తాం. దెబ్బ తగిలినప్పుడు తల్లికో తండ్రికో పోయిన కూలి ఇచ్చే చిన్న నిధి ఒకటి పెట్టండి. మీ క్లబ్బులో ఒక రాత్రి విందు ఖర్చుతో అది ఏడాది నడుస్తుంది. విందు మానమని నేను అనడం లేదు.

రగ్బీ సంఘం పెద్దలకు ఒక్క మనవి. సెలెక్షన్స్ ఉన్నాయని మాలాంటి బడులకు ఒక వారం ముందైనా కబురు పెట్టండి. వాట్సాప్‌లో పెట్టినా చాలు. పోయినసారి అయిపోయిన మర్నాడు తెలిసింది.

ఈ ఉత్తరానికి జవాబు వచ్చినా రాకపోయినా వచ్చే శనివారం పొద్దున్న ఆరింటికి, నాకు కాఫీ ఇచ్చిన క్లబ్బు గేటు దగ్గర మేముంటాం. పద్దెనిమిది మంది పిల్లలు, అందులో పదకొండు మంది ఆడపిల్లలు. మగపిల్లల టికెట్లు నేను తీస్తాను. బూట్లు తొమ్మిది జతలే ఉన్నాయి కాబట్టి సగం మంది ముందు, సగం మంది తర్వాత ఆడతారు. ఏ జత ఎవరెవరు పంచుకోవాలో సైజులు చూసుకుని వాళ్ళే తేల్చుకున్నారు. లావు పిల్లాడి కాలికి సరిపడేది మాత్రం ఇంకా దొరకలేదు. పదో నంబరు, మీ సభ్యుల ఇళ్ళలో పాతది ఏదైనా ఉంటే గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఇచ్చి ఉంచండి.

ఇట్లు,
ఒక పీటీ టీచర్,
వ్యాసర్పాడి, చెన్నై